మీసానికి వాసెలిన్, సముద్రంలో తాబేలు

నాకు ఈత వచ్చు. ఈ మాటను ఎవరు అడిగినా, అడగకపోయినా నలభై ఐదేళ్లుగా చెబుతూ వచ్చాను. నర్సంపేట దగ్గరి మా ఊరిలో, పొలం బావిలో, నాకు తొమ్మిదో ఏట ఈత వచ్చింది. మా చిన్నాయన నా వీపుకు ఎండిన సొరకాయ బుర్ర కట్టి, దరి మీద నుంచి ఒక్క తోపు తోసి, నేను మునిగి తేలి నీళ్లు మింగి కాళ్లూ చేతులూ కొట్టుకుంటూ మెట్లు పట్టుకునే దాకా పైన నిలబడి నవ్వుతూ చూశాడు. బావి ఈతకు సూత్రం ఒకటే. తల నీళ్లపైన ఉండాలి, కాళ్లు ఆగకూడదు. కింద ఏముందో ఎవరూ చూడరు. చూద్దామన్నా అక్కడ చీకటీ నాచూ తప్ప ఏమీ ఉండవు. ఈ మే నెలలో హవాయి దీవుల్లో సముద్ర తాబేళ్లను చూడటానికి పడవ ఎక్కినప్పుడు నా దగ్గరున్న విద్య అంతా ఇదే.

మా అమ్మాయీ అల్లుడూ కాలిఫోర్నియాలో ఉంటారు. హనుమకొండలో ఎండ 44 డిగ్రీలకు చేరిన రోజుల్లో మేమిద్దరం వాళ్ల దగ్గరికి వెళ్లాం. వాళ్లకు నాలుగు రోజుల సెలవు కలిసి రావడంతో అందరం హోనొలులుకు విమానం ఎక్కాం. తాబేళ్ల యాత్రకు టికెట్లు అమ్మాయే తీసింది. ధర చెప్పేముందే దాన్ని రూపాయల్లోకి మార్చవద్దని నాతో ఒట్టు వేయించుకుంది. నా భార్యకు ఈత రాదు. ఆమె పుట్టింటి ఊరిలో ఆడపిల్లలు బావి దగ్గరికి వెళ్లింది నీళ్లు చేదడానికే గాని దిగడానికి కాదు. "నేను పడవల కూసుంట, మీరు దునుకుండ్రి" అని ముందు రోజు రాత్రే తేల్చి చెప్పింది. నేను కూడా ఒక ఈతగాడి పెద్దరికంతో సరేనన్నాను.

ఆ పడవను కాటమరాన్ అంటారు. తమిళంలో కట్టుమరం అంటే కలిపి కట్టిన దుంగలు. అందులోని 'కట్టు' మన కట్టే. మన కోస్తా జాలరులు తెప్ప అని పిలిచేది ఇలాంటి దుంగల కట్టునే. అయితే హోనొలులులోని వైకికీ తీరంలో ఇసుక మీదికి ముక్కు ఆనించి నిలిచి ఉన్నది దుంగల తెప్ప కాదు. పక్కపక్కనే రెండు సన్నని పొడవాటి పడవలు, వాటిని కలుపుతూ పైన వెడల్పాటి వేదిక, ముందు భాగంలో నులక మంచంలా బిగించిన గట్టి వల, నడుమ ఆకాశంలోకి లేచిన తెరచాప కొయ్య. రెండు కాళ్ల మీద నిలబడిన మనిషిలా అది ఒక పక్కకు ఒరగదు. అడుగు లోతు తక్కువ కనుక రేవు అక్కర లేకుండా నేరుగా ఇసుక దాకా వచ్చేస్తుంది. రేవు లేకపోవడం అంటే ఏమిటో ఎక్కేటప్పుడు తెలిసింది. మోకాళ్ల లోతు నీళ్లలో నడిచి, ఒక అల వెనక్కి వెళ్లి మరొకటి వచ్చే లోపల ముందు వేలాడదీసిన నిచ్చెనను అందుకోవాలి. నా భార్య ఒక చేత్తో చున్నీనీ మరో చేత్తో నిచ్చెననూ పట్టుకొని నా కంటే ముందే ఎక్కేసింది.

పేరు మన వైపుదే అయినా ఆ రూపం పసిఫిక్ దీవుల వారిది. వాళ్ల పూర్వీకులు జంట పడవల మీదే మహాసముద్రాన్ని దాటి ఈ దీవులకు చేరారు. అది సాధ్యమేనని చూపించడానికి 1975లో హోకులేఅ అనే జంట పడవను కట్టి, 1976లో దిక్సూచి కూడా లేకుండా నక్షత్రాలనూ అలల నడకనూ చూసుకుంటూ హవాయి నుంచి దక్షిణ పసిఫిక్‌లోని తాహితి దీవికి నడిపారు. ఆధునిక కాటమరాన్లలో మొదటిదిగా చెప్పే మను కాయ్ కూడా ఈ హవాయిలోనే, మనకు స్వాతంత్ర్యం వచ్చిన 1947లోనే తయారైంది. ఇదంతా వింటూ మా అల్లుడు, "మామయ్యా, మన వరంగల్‌కు సముద్రమే లేదు కదా" అన్నాడు. ఓరుగల్లు నుంచి ఏలిన గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో వేయించిన అభయ శాసనాన్ని అతనికి గుర్తు చేశాను. గాలివానకు ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును పూర్వపు రాజుల్లా లాక్కోబోమని సముద్ర వర్తకులకు ఆయన మాట ఇచ్చాడు. నేను ఈ వాక్యం పూర్తి చేసేసరికి పడవ లోతు నీళ్లలోకి వచ్చింది, నాకు కడుపులో తిప్పడం మొదలైంది. శాసనం సంగతి మధ్యలోనే ఆపి, కళ్లు దూరంగా నిలిపి ఉంచమన్న సలహా ప్రకారం డైమండ్ హెడ్ కొండ వైపు చూస్తూ కూర్చున్నాను. అది ఏనాడో చల్లారిపోయిన అగ్నిపర్వతం; మీద పచ్చదనం తక్కువ, అంచులు మాత్రం నీటి కోతకు గురైన మట్టి గట్టులా గాడులు గాడులుగా ఉంటాయి.

తాబేళ్లు చేరే పగడపు దిబ్బల దగ్గర పడవను ఆపి, దిగేముందు మాకు నియమాలు చెప్పారు. తాబేలుకు పది అడుగుల దూరంలో ఉండాలి. ముట్టుకోకూడదు, వెంబడించకూడదు. అన్నిటికంటే ముఖ్యంగా దాని నెత్తిన గుమిగూడకూడదు, ఎందుకంటే అది ఊపిరితిత్తులతో గాలి పీల్చే జీవి, పైకి రావడానికి దానికి దారి వదలాలి. ఒంటికి రాసుకునే సన్‌స్క్రీన్ విషయంలోనూ అక్కడ చట్టం ఉంది. పగడాలకు హాని చేస్తాయని ఆక్సీబెంజోన్, ఆక్టినోక్సేట్ కలిసిన రకాల అమ్మకాన్ని హవాయి 2021 జనవరి 1 నుంచి నిషేధించింది. మేము కొన్నది జింకు కలిసిన తెల్లని లేపనం. అది రాసుకున్నాక మా అల్లుడి ముఖం సంక్రాంతికి సున్నం కొట్టిన గోడలా ఉంది.

నా కష్టం మాస్క్ దగ్గర మొదలైంది. కళ్లనూ ముక్కునూ కలిపి మూసే ఆ అద్దం చుట్టూ మెత్తని రబ్బరు అంచు ఉంటుంది. అది చర్మానికి అంటుకుంటేనే నీళ్లు లోపలికి రావు. పై పెదవి మీద వెంట్రుకలు ఉంటే ఆ అంచు అతకదు. పడవలో సహాయంగా ఉన్న ఇరవై ఏళ్ల పిల్ల నా ముఖం వైపు చూసి, మీసాన్ని చూపి, "వచ్చేసారి గీసుకుని రండి" అని నవ్వింది. మా వైపు మగవాడు ఉన్నట్టుండి మీసం తీసేశాడంటే ఇంట్లో ఎవరో పోయారని అర్థమనీ, హనుమకొండలో మా అమ్మ ఎనభై రెండేళ్ల వయసులో నిక్షేపంగా ఉన్నదనీ, ఊగుతున్న పడవ మీద నాకున్న ఇంగ్లీషుతో ఆ పిల్లకు వివరించడం నా వల్ల కాలేదు. ఆమె అలాంటి మీసాలను చాలానే చూసినట్టుంది. ఒక వాసెలిన్ డబ్బా తీసి నా చేతిలో పెట్టింది. జొన్నరొట్టెకు నెయ్యి పూసినట్టు మీసం నిండా దట్టంగా పట్టించి, మాస్క్ బిగించి, నోట్లో స్నార్కెల్ గొట్టం కరుచుకొని, కాళ్లకు బాతు పాదాల్లాంటి ఫిన్స్ తొడుక్కొని దిగాను.

నీళ్లలో పడిన మరుక్షణం నా ఒళ్లు తన పాత విద్యనంతా గుర్తుకు తెచ్చుకుంది. తల పైకెత్తాను, కాళ్లు టపటపా కొట్టాను, చేతులతో నీళ్లను వెనక్కి తోశాను. పైకెత్తిన తలతో కింద ఏమీ కనబడదు. ముఖం నీళ్లలో పెడితే నోరు దానంతట అదే మూసుకుపోతుంది. బావిలో మునిగినప్పుడు ఊపిరి బిగబట్టాలని తొమ్మిదేళ్లప్పుడు నేర్చిన ఒంటికి, ముఖం నీళ్లలో ఉండగా నోటితో గాలి పీల్చమంటే ఎలా ఒప్పుకుంటుంది? రెండుసార్లు పీల్చబోయి, రెండుసార్లూ బెదిరి తల ఎత్తి, మూడోసారి గొట్టం నిండా ఉప్పునీళ్లు మింగాను. మా అమ్మాయి పక్కకు వచ్చి భుజం పట్టుకొని, "ఈత కొట్టకు బాపూ, ఊకె తేలు" అన్నది. లైఫ్ జాకెట్ ఉన్నది, ఉప్పునీళ్లు ఎటూ పైకి నెడతాయి, నేను చేయవలసిన పని ఏమీ లేదని ఆమె వాదన. ఏ పనీ చేయకుండా నీళ్లలో ఉండటం నాకు ఎవరూ నేర్పలేదు.

ఈ లోపల పడవ మీద కూర్చుంటానన్న మనిషిని ఆ ఇరవై ఏళ్ల పిల్ల ఏం చెప్పి ఒప్పించిందో తెలియదు గాని, నా భార్య జాకెట్ తొడుక్కొని, గుండ్రటి తేలే చక్రాన్ని రెండు చేతులా పట్టుకొని నీళ్లలోకి దిగింది. చక్రానికి కట్టిన తాడును ఆ పిల్ల లాగుతున్నది. బావి అలవాటు లేదు కనుక కాళ్లు కొట్టాలని ఆమెకు తోచలేదు. ముఖం నీళ్లలో పెట్టమంటే పెట్టింది, నోటితో ఊపిరి తీయమంటే తీసింది. నేను ఇంకా ఉప్పు ఉమ్మివేస్తుండగానే అటు నుంచి ఒక కేక వినిపించింది. గొట్టం లోంచి వచ్చింది కనుక అది సగం బూర మోతలా ఉంది. ఆ మోతలోంచి "తాంబేలు" అనే మాటను విడదీసుకోవడానికి నాకు కొంతసేపు పట్టింది.

పరువు పోయిన మనిషికి ఒక నెమ్మది వస్తుంది. కాళ్లు ఆపేసి, చేతులు చాపి, ముఖం నీళ్లలో పెట్టి, కొలిమి తిత్తిలా చెవుల్లో మోగుతున్న నా ఊపిరిని నేనే వింటూ పడి ఉన్నాను. అప్పుడు అడుగు కనిపించింది. ఐదు నిలువుల లోతు ఉంటుందేమో, ఇసుక మీద ఊగుతున్న వెలుగు గీతలు కూడా తెలుస్తున్నాయి. గోధుమ రంగు బండ ఒకటి, దాని చుట్టూ చేపలు. ఆ బండ కళ్లు తెరిచింది.

చేపలు దాని డిప్ప మీది నాచును తింటున్నాయి. నిమ్మపండు రంగువి కొన్ని, ముదురు గోధుమ రంగువి కొన్ని. తోక మొదట్లో కత్తి మొనలాంటి ముల్లు ఉంటుంది కనుక వీటిని సర్జన్ చేపలంటారు. తాబేళ్లు పని గట్టుకొని ఇలాంటి చోట్లకు వచ్చి, మెడ చాచి, రెక్కల్లాంటి ముందు కాళ్లను వాల్చి, ఒళ్లు అప్పగించి నిలబడతాయి. మా ఊరి చెరువు గట్టున బర్రె పడుకొని కళ్లు మూసుకుంటే, కాకి దాని చెవిలో పిడుదులు ఏరుతుంది చూడండి, ముమ్మాటికీ అదే సుఖం. ఒక చేప మెడ మడతలో పొడిచినప్పుడు అది తల కొంచెం పక్కకు వంచి ఆ చోటు ఇంకా తెరిచి ఇచ్చింది.

మా చెరువులో దొరికే తాబేలును ముట్టుకుంటే తలా కాళ్లూ లోపలికి లాక్కొని డబ్బాలా మూసుకుంటుంది. సముద్ర తాబేలుకు ఆ వసతి లేదు. అది తలను డిప్పలోకి దాచుకోలేదు. నేను చూసిన రెండోదానికి ఎడమ కంటి పక్కన గోబీపువ్వు లాంటి కణితి ఉంది. హవాయి తాబేళ్లలో హెర్పిస్ జాతి వైరస్‌తో ముడిపడిన ఈ కణితుల జబ్బు చాలా కాలంగా ఉన్నదని తరువాత చెప్పారు. కంటిని పూర్తిగా కప్పేస్తే ఆ జీవి మేత వెతుక్కోలేదు. ఆ తాబేలు చూపు ఇంకా పోలేదు. మమ్మల్ని చూసి కొంచెం పక్కకు తప్పుకుంది.

మొదట చూసిన తాబేలు కొంతసేపటికి బండను వదిలి లేచింది. ఈదడం అనే మాట దానికి సరిపోదు. ముందు కాళ్లను గద్ద రెక్కల్లా ఒక్కసారి దించితే చాలు, మూడు నాలుగు గజాలు జారిపోతున్నది, మళ్లీ దించే దాకా తొందర లేదు. నాకు ఎదురుగా పైకి వస్తుంటే నియమం గుర్తొచ్చి ఉన్నచోటే ఆగిపోయాను. ఆగడం అప్పటికి చేతనైంది. అది నీళ్లపైకి తల ఎత్తింది. నేనూ ఎత్తాను. 'ఫుస్' మని గాలి వదిలి, ఒక్క గుక్కలో తీసుకొని, ముడతలు పడిన రెప్పల కింది నల్లని కంటితో ఒకసారి చూసి, వచ్చిన దారినే దిగిపోయింది. నా గొట్టం చప్పుడూ దాని ముక్కు చప్పుడూ దాదాపు ఒకటే.

తిరుగు దారిలో గాలి పెరిగింది, వల మీద కూర్చున్న వాళ్లందరూ తడిసిపోయారు. ఇవి పచ్చ తాబేళ్లు. హవాయి వాళ్లు హోను అంటారు. ఆ పచ్చదనం డిప్పది కాదు, లోపలి కొవ్వుది. పెద్దయ్యాక నాచూ సముద్రపు గడ్డీ తిని బతకడం వల్ల కొవ్వుకు ఆ రంగు వస్తుంది. ఎదిగిన తాబేలు రెండు వడ్ల బస్తాల బరువు, అంటే 150 కిలోల దాకా ఉంటుంది. గుడ్లు పెట్టే ఈడుకు రావడానికి పాతికేళ్లు, అంతకంటే ఎక్కువ కూడా పడుతుంది. ఒకప్పుడు ఈ ఊరి హోటళ్లలో వీటి మాంసం వడ్డించేవారట. 1978లో అంతరించే ప్రమాదమున్న జీవులను కాపాడే అమెరికా చట్టం కిందికి వచ్చాక వీటి సంఖ్య మళ్లీ పెరుగుతూ వచ్చింది.

నా మనసులో ఎక్కువగా నిలిచింది వాటి పురుడు సంగతి. ఇక్కడ తిరిగే తాబేళ్లలో పదింట తొమ్మిదికి పైగా గుడ్లు పెట్టడానికి వాయవ్యంగా 800 కిలోమీటర్లకు పైగా దూరంలోని లాలో అనే పగడపు దిబ్బల దాకా ఈదుకుంటూ వెళతాయి. అక్కడ ఎక్కువ తాబేళ్లు నమ్ముకున్న ఈస్ట్ ఐలండ్ అనే ఇసుక దీవిని 2018 అక్టోబరులో వలాకా తుపాను దాదాపు మొత్తం కడిగేసింది. పాతికేళ్లు ఎదిగి, అంత దూరం ఈదుకుంటూ పోయి, అక్కడ ఇసుక లేకపోతే ఆ తల్లి ఏం చేస్తుంది? ఈ మాట నా భార్య అడిగింది. "మన బాపట్ల దిక్కు రావా ఇవి?" అని కూడా అడిగింది. మన తీరానికి ఎక్కువగా వచ్చేవి ఆలివ్ రిడ్లీలనీ, చలికాలం రాత్రుల్లో ఇసుకలో గుడ్లు పెట్టి పోతాయనీ మా అమ్మాయి చెప్పింది. అయితే వచ్చే చలికాలం బాపట్ల పోదామని అప్పటికప్పుడు నిర్ణయమైపోయింది. నన్ను ఎవరూ అడగలేదు.

రాత్రి ఏడు గంటలకు, అంటే మన లెక్కలో మర్నాడు పొద్దున పదిన్నరకు, మా అమ్మకు వీడియో కాల్ చేశాం. నా భార్య ఫోన్ లాక్కొని చక్రం పట్టుకొని తాను దిగడం, కేక వేయడం, నేను నీళ్లు మింగడం అన్నీ వరుసగా చెప్పింది. అమ్మ అంతా విన్నది. తరువాత తెరకు ముఖం దగ్గరగా పెట్టి నన్నే చూస్తూ, "అవన్నీ సరే గని, మూతికేం పూసుకున్నవ్ రా, గట్ల మెరుస్తున్నది?" అన్నది.