మలక్‌పేట ఆదివారం కార్డు: నోట్‌బుక్‌లో పదకొండో వారం

శనివారం రాత్రి

హైదరాబాద్ మలక్‌పేట గుర్రప్పందేల కార్డులో (ఆ రోజు రేసులు, గుర్రాల పట్టీ) ఈ వారం ఏడు రేసులు. చూడగానే రెండింటిని గీత పెట్టి కొట్టేశాను, మొదటిదీ చివరిదీ. మొదటి రేసులో పది గుర్రాలుంటే అందులో ఏడు ఇంతవరకు ఒక్కసారి కూడా పరుగెత్తలేదు. వాటి గురించి కాగితం మీద ఉన్నవి తండ్రి పేరు, తల్లి పేరు, ట్రైనర్ పేరు. పెళ్లి సంబంధానికైతే సరిపోతాయేమో. చివరి రేసు 25 లోపు రేటింగ్ (గుర్రం సత్తాకి ఇచ్చే అంకె) వాటికి, పద్నాలుగు గుర్రాలు. నిలకడగా పరుగెత్తే గుర్రమైతే అసలు ఆ తరగతిలోనే ఉండదు. నాలుగో వారం దాకా నేను ఇలాంటివి కూడా రాసేవాణ్ని. వదిలేయడం నేర్చుకోవడానికే నెల పట్టింది.

మొదటి నుంచి చదవని వాళ్ల కోసం ఒక ముక్క. నేను డబ్బు పెట్టి ఆడను. ధర్మాబాద్‌లో ఒక మిర్చి అడ్తి (కమీషన్) దుకాణంలో లెక్కలు రాస్తాను. ఎండాకాలంలో మిర్చి సీజన్ అయిపోయి వానలు పడ్డాక పని సగమవుతుంది. సరిగ్గా అప్పుడే మలక్‌పేటలో వానాకాలం రేసులు మొదలవుతాయి. రేసుకో గుర్రం, దాని మీద ఉత్తుత్తి వంద రూపాయలు, ఎందుకు ఎంచుకున్నానో రెండు వరుసల కారణం. ఇదే నోట్‌బుక్. కారణాన్ని రేసుకు ముందే పెన్నుతో రాయాలి, పెన్సిల్‌తో కాదు. రేసు అయ్యాక అందరికీ అన్నీ తెలుస్తాయి.

మాది మహారాష్ట్రే కదా, పూనే రేసులు చూడవచ్చుగా అని దుకాణంలో ఒకరు అడిగారు. అవి కూడా వానాకాలంలోనే. కానీ మా ఊరి నుంచి బాసర దాటితే తెలంగాణ, కాచిగూడ బండి ఎక్కితే హైదరాబాద్. పైగా మా మేనమామ ఉండేది మలక్‌పేటకి ఒక స్టేషన్ ఇవతల. రేసుకోర్సు 1886లో మౌలాలి నుంచి మలక్‌పేటకి వచ్చిందని, దాన్ని తనే దగ్గరుండి మోయించినట్టు చెబుతాడు. అయితే ఆయన కళ్లు నాకు పనికొస్తాయి. ఫోన్ తెరలో కనపడనిది పాడక్ (రేసుకు ముందు గుర్రాలను నడిపించి చూపే చోటు) దగ్గర నిలబడ్డ వాడికి కనపడుతుంది.

ఇక కార్డు. జెరాక్స్ దుకాణంలో ప్రింట్ తీయించి, ఎరుపు పెన్నుతో ఒక్కో గుర్రం పక్కన ఐదు గుర్తులు పెడతాను: తరగతి పెరిగిందా తగ్గిందా, దూరం, బరువులో తేడా, గేటు (పరుగు మొదలుపెట్టే గడి) నంబర్, కిందటి పరుగు నుంచి ఎన్ని రోజులైంది. రేసుకి ఇరవై నిమిషాలు. ఇది కాక పాత రేసుల వీడియోలు చూడడానికి గంట.

రెండో రేసు, 1200 మీటర్లు. ఆరో నంబర్. మొదటిసారి బ్లింకర్లు కడుతున్నారు. పక్కకు చూస్తూ పరుగు పాడుచేసుకునే గుర్రం కాబట్టి, కళ్ల పక్కన ఆ గిన్నెలుంటే ముందుకే చూస్తుందని నా ఆశ. ఆశే, అంతకన్నా బలమైన కారణం లేదు.

మూడో రేసు, 1400. ఒకటో నంబర్. 60–85 తరగతిలో నాలుగుసార్లు నలిగి 40–65కి దిగింది. రేటింగ్ ఎంత ఎక్కువైతే జాకీతో కలిపి అంత ఎక్కువ బరువు మోయాలి; దీనిది 62 కాబట్టి 60 కిలోలు మోస్తోంది. మామ ఫోన్‌లో విని “ఇది చిన్నపిల్లాడు కూడా చెప్తడు” అన్నాడు. చెప్పనీ.

నాలుగో రేసు మీదే రాత్రి పదకొండు దాటింది. 1600 మీటర్లు, 40–65, తొమ్మిది గుర్రాలు. అందరి నోటా ఒకటో నంబరే. మూడు వారాల కిందట 1400లో ఐదో నంబర్‌ని రెండున్నర లెంగ్త్‌ల (లెంగ్త్ అంటే ఒక గుర్రం పొడవు) తేడాతో ఓడించింది. ఇప్పుడు రెండూ మళ్లీ ఎదురుపడుతున్నాయి. అసలు లెక్క ఇక్కడే ఉంది.

ఆ రోజు ఒకటో నంబర్ మోసింది 56.5 కిలోలు, ఐదో నంబర్ 56. గెలిచినందుకు ఒకటో నంబర్ రేటింగ్ ఏడు పాయింట్లు పెరిగింది, ఐదో దానిది ఒక్కటి. ఒక పాయింట్ అంటే అర కిలో. ఈసారి బరువులు 60, 56.5. అంటే అప్పుడు అర కిలో తేడా, ఇప్పుడు మూడున్నర. ఐదో నంబర్‌కి మూడు కిలోల లాభం. మైలు పరుగులో, అంటే దాదాపు ఈ 1600 మీటర్లలో, సుమారు ఒక కిలో ఒక లెంగ్త్‌తో సమానం అంటారు (1000 మీటర్ల పరుగులో అయితే ఒక లెంగ్త్‌కి కిలోన్నర దాకా కావాలి, దూరం పెరిగేకొద్దీ ప్రతి కిలో ఎక్కువ బాధిస్తుంది). మూడు లెంగ్త్‌ల లాభంలో రెండున్నర తీసేస్తే కాగితం మీద ఐదో నంబర్ అర లెంగ్త్ ముందుంటుంది.

అర లెంగ్త్‌ని నమ్ముకుని పెన్ను పెట్టలేం. అందుకే పాత వీడియో ఆరుసార్లు చూశాను. చివరి 200 మీటర్ల దగ్గర ఐదో నంబర్ ఐదో స్థానంలో ఉంది, అక్కడి నుంచి రెండో స్థానానికి వచ్చింది. ఇంకో 200 మీటర్లుంటే బాగుండేదన్నట్టు పరుగెత్తింది. రేపు ఆ 200 ఉంది. ఒకటో నంబర్ మొదటి నుంచీ ముందుండి లాగే రకం. దానికి ఎనిమిదో గేటు వచ్చింది, బయటివైపు. పైగా 51 కిలోలతో ఏడో నంబర్ కూడా ముందు పరుగెత్తేదే. రెండూ ముందుకోసం కొట్టుకుంటే వెనకున్న వాటికి పండగ.

మూడో నంబర్‌ని కొట్టేశాను. నాలుగు నెలల విరామం తర్వాత వస్తోంది. గురువారం ట్రాక్ వర్క్‌లో (రేసుకు ముందు చేయించే సాధన పరుగు) 1000 మీటర్లు 1 నిమిషం 8 సెకన్లు, చివరి 600 మీటర్లు 40 సెకన్లు, బాగా కదిలింది అని ఉంది. ట్రాక్ వర్క్ అంకెలు నన్ను ఇదివరకు బాగా ముంచాయి. ఎక్కింది జాకీయా, మామూలు రైడింగ్ బాయా, పక్కన ఇంకో గుర్రం ఉందా, లోపలి ట్రాకా బయటి ట్రాకా, ఇవి తెలియకుండా 40 సెకన్లకి అర్థం లేదు. కాబట్టి ఐదో నంబర్.

ఐదో రేసు, 1100: రెండో నంబర్, అప్రెంటిస్ (ఇంకా నేర్చుకుంటున్న) జాకీ కాబట్టి బరువులో తగ్గింపు ఉంది. ఆరో రేసు, 2000 మీటర్లు, ఐదే గుర్రాలు: నాలుగో నంబర్, దూరం ఓర్చుకుంటుంది.

ఆదివారం

పొద్దున ఒక మెసేజ్. ఐదు వందలు పంపితే మూడు రేసుల్లో ‘ష్యూర్ గుర్రాలు’ చెబుతారట. గుర్రం గెలుస్తుందని అంత ఖాయంగా తెలిసినవాడికి నా ఐదు వందలు ఎందుకో.

వాన రాత్రంతా పడిందని మామ చెప్పాడు. ట్రాక్ మెత్తగా ఉంటే పాత టైమింగులన్నీ పక్కన పెట్టాలి. ఎండిన నేల మీద 1200 మీటర్లు 1 నిమిషం 12 సెకన్లలో పరుగెత్తిన గుర్రం తడి నేల మీద రెండు మూడు సెకన్లు ఎక్కువ తీసుకుంటే అది బలహీనపడిందని కాదు. ఇది తెలిసి కూడా రెండో వారంలో తప్పు చేశాను.

నాయనమ్మ మంచం మీద కూర్చుని ఫోన్ చేతికి తీసుకుంది. ఆమెకు రోజుకి ఒకే రేసు, ఒకే కారణం: పంచకల్యాణి. నాలుగు కాళ్లూ తెలుపు, ముఖాన తెలుపు ఉండాలి. ఆమె చిన్నప్పుడు లోహా దగ్గర మాళేగావ్ ఖండోబా జాతరకి వాళ్ల నాన్న గుర్రం కొనడానికి వెళ్లాడట. అక్కడ బేరగాళ్లు ముందు పళ్లు చూస్తారు, తర్వాత సుడులు లెక్కపెడతారు, ఆఖరికి నడిపించి చూస్తారు. సుడి బాగా లేకపోతే ఎంత అందమైన గుర్రమైనా ధర పడిపోతుంది. మనం ‘వాడికి సుడి ఉంది’ అనే మాట ఇక్కడి నుంచే వచ్చిందని నాయనమ్మ వాదన. రేస్ కార్డులో రంగు, వయసు, మగో ఆడో ఉంటాయి గానీ కాళ్ల తెలుపు రాయరు. అందుకే ఆమె పాడక్ చూపించే దాకా ఆగుతుంది.

నాలుగో రేసు పాడక్‌లో ఒకదాన్ని చూసి “ఇదే” అంది. తొమ్మిదో నంబర్. నేను జూమ్ చేసి చూశాను. కాళ్లకు తెల్ల బ్యాండేజీలు చుట్టారు.

“అది కట్టు నాయనమ్మా, తెలుపు కాదు.”

“కట్టయితే ఏంది, తెల్లగనే ఉంది గదా.”

నోట్‌బుక్‌లో అలాగే రాశాను.

అదే సమయంలో మామ ఫోన్. “అల్లుడా, నీ ఐదో నంబర్‌కి తొడల మధ్య నురగ వచ్చింది. చెవులు మాత్రం మంచిగ నిలబెట్టింది. మూడో నంబర్ చూసినవా? ఒళ్లు నిగనిగ మెరుస్తాంది, పొట్ట పైకి ఎక్కింది.” పెన్నుతో రాసిన దాన్ని మార్చకూడదు. మార్చలేదు. బుకీల బోర్డు ఫోటో కూడా పంపాడు. రేట్లను గెలిచే అవకాశం శాతాల్లోకి మార్చడం చాలా తేలిక: 2కి 1 (ఒకటి పెడితే రెండు లాభం) అంటే 33, 4కి 1 అంటే 20, 9కి 1 అంటే 10. తొమ్మిది గుర్రాలవీ కూడితే 128 వచ్చింది. 100 దాటిన ఆ 28 బోర్డు పెట్టినవాడిది.

రేసు మొదలైంది. ఒకటి, ఏడు నేను అనుకున్నట్టే కొట్టుకున్నాయి. చివరి మలుపులో ఐదో నంబర్ బయటికి వచ్చి అందుకోవడం మొదలుపెట్టింది. 200 మీటర్ల దగ్గర లైవ్ ఆగిపోయింది. తెర మీద గుండ్రంగా తిరుగుతూ ఉంది, మా ఇంట్లో అందరం దాన్నే చూస్తున్నాం. మళ్లీ వచ్చేసరికి జాకీలు గుర్రాలను నెమ్మది చేస్తున్నారు. మామ చెప్పాడు: మూడో నంబర్, నెక్ (గుర్రం మెడంత) తేడాతో. ఐదు రెండో స్థానం. తొమ్మిది, నాయనమ్మ కట్టు గుర్రం, మూడో స్థానం. ఒకటో నంబర్ ఐదో స్థానం.

సోమవారం, దుకాణం తెరవక ముందు

ఐదు రేసుల్లో ఒకటి గెలిచింది, చిన్నపిల్లాడు కూడా చెప్పే ఆ మూడో రేసు. టోట్ (రేసు క్లబ్బు పందెం కౌంటర్) వందకి 260 ఇచ్చింది. నాలుగో రేసులో రెండో స్థానం, ఐదో రేసులో మూడో స్థానం. బ్లింకర్ల గుర్రం కళ్లు ముందుకే చూశాయి, కాళ్లే రాలేదు. ఆరో రేసులో ఐదు గుర్రాలూ ఊరేగింపులా నడిచి చివరి 400 మీటర్లలో పరుగు మొదలుపెట్టాయి. అలాంటప్పుడు ఓర్పు కన్నా చివరి ఊపు ముఖ్యం. నా గుర్రానికి ఆ ఊపు లేదు. తక్కువ గుర్రాలున్న దూరపు రేసులో ముందు ఎవరు లాగుతారో చూడకుండా రాయడం నా తప్పు.

మొత్తం లెక్క: 57 రేసులు, 14 గెలుపులు, మొదటి మూడు స్థానాల్లో 32. ఉత్తుత్తి పెట్టుబడి 5,700, తిరిగి వచ్చింది 4,720. నష్టం 980. ఇదే 57 రేసుల్లో కళ్లు మూసుకుని ఫేవరెట్‌ని (ఎక్కువమంది పందెం కాసే గుర్రాన్ని) రాసుకుని ఉంటే 20 గెలిచేవి. పదకొండు వారాల ఎరుపు పెన్ను ఇంకా ఫేవరెట్‌ని అందుకోలేదు. అయితే ఫేవరెట్లు తక్కువ ఇస్తాయి కాబట్టి వాటి లాభనష్టాలు కూడా వచ్చే వారం కూడి చూస్తాను.

నిజం డబ్బైతే పన్ను కూడా ఉంది. ఇదివరకు పందెం పూర్తి విలువ మీద 28 శాతం జీఎస్టీ, 2025 సెప్టెంబర్ 22 నుంచి 40. 5,700 మీద 40 శాతం అంటే 2,280. నా 980 నష్టం దాని పక్కన చిల్లర. మామకి ఈ లెక్క చెబితే ఫోన్ పెట్టేశాడు.

నాలుగో రేసు సంగతి రాత్రి నిద్ర పట్టనివ్వలేదు. బరువుల లెక్క సరిగ్గా వచ్చింది, ముందు పోటీ సరిగ్గా వచ్చింది, ఒకటో నంబర్ ఓడింది. అన్నీ సరిగ్గా చేసి, గెలిచేదాన్ని మాత్రం ఒక్క గీతతో కొట్టేశాను. పొద్దున పాత పేజీలన్నీ తిరగేశాను. తొంభై రోజులు దాటిన విరామం అని కొట్టేసిన గుర్రాలు ఇప్పటిదాకా 23. అందులో ఐదు గెలిచాయి. ఐదింటిలో నాలుగు ఒక పనిచేశాయి: వారం లోపు 1000 మీటర్ల ట్రాక్ వర్క్. 600 మాత్రమే పరుగెత్తి వచ్చినవి ఒక్కటీ గెలవలేదు. విరామం నుంచి వచ్చే గుర్రానికి పొట్టి పరుగు చూపించడం తేలిక, పూర్తి దూరం చూపించాలంటే అది సిద్ధంగా ఉండాలి. నాలుగు గెలుపులతో సూత్రం రాయను. కానీ ఐదు గుర్తుల పక్కన ఆరోది గీశాను: విరామం ఉంటే, ట్రాక్ వర్క్ ఎంత దూరం?

అక్టోబర్ 2న ఇక్కడి పెద్ద రేసు డెక్కన్ డర్బీ, 2000 మీటర్లు. ఆ రోజు దుకాణానికి సెలవు, స్వయంగా వెళ్లాలని ఉంది. నాయనమ్మ కూడా వస్తానంటోంది. తొమ్మిదో నంబర్ మూడో స్థానం డబ్బులు ఎక్కడిస్తారని పొద్దున్నుంచి అడుగుతోంది. ఉత్తుత్తి పందెం అని మూడుసార్లు చెప్పాను.