బ్రిటిష్ వాళ్లు 'క్వైట్ గుడ్' అంటే మెచ్చుకున్నట్టేనా?

ఇంగ్లండ్ ఆఫీసుతో కలిసి పనిచేసే టీంలోకి వచ్చాక నేను పనిగట్టుకుని పట్టు సాధించిన మాట 'క్వైట్'. బడిలో మనకి దీని అర్థం 'చాలా' అనే చెప్తారు. అమెరికా వాళ్లతో మాట్లాడేటప్పుడు ఆ అర్థం ఎక్కువగా సరిపోతుంది. బ్రిటన్‌లో మాత్రం 'క్వైట్ గుడ్' చాలాసార్లు 'ఫరవాలేదు' దగ్గరే ఆగిపోతుంది. మనం 'బాగుంది' అనడానికీ 'బాగానే ఉంది' అనడానికీ ఉన్న తేడాయే ఇది. ఒక్క 'నే' మెప్పుని ఎంత తగ్గిస్తుందో తెలుగువాళ్లకి వేరే చెప్పక్కర్లేదు.

నేను ముందు చూసేది దాని తర్వాత వచ్చే మాటని. గుడ్, బిగ్, యూజ్‌ఫుల్ లాంటివి, అంటే ఎక్కువ తక్కువలుండే గుణాలు వస్తే 'ఒక మాదిరిగా' అని. ఇంపాసిబుల్, రాంగ్, రైట్ లాంటివి వస్తే 'పూర్తిగా' అని. 'యూ ఆర్ క్వైట్ రైట్' అంటే మీరన్నది అక్షరాలా నిజమని, కొంతవరకే నిజమని కాదు. నిజానికి 'పూర్తిగా' అన్నదే పాత అర్థం, 'ఒక మాదిరిగా' అన్నది తర్వాత వచ్చింది. రెండూ ఇంకా వాడుకలో ఉండబట్టే ఇంత తికమక.

తర్వాత చెవికి పని. 'క్వైట్'ని ఒత్తి పలికి 'గుడ్'ని తేల్చేస్తే వెనకాలే 'బట్' వస్తోందని సిద్ధపడాలి. ఒత్తు 'గుడ్' మీద పడితే మెప్పు పాలు ఎక్కువ. మెయిల్లో గొంతు వినబడదు కాబట్టి తర్వాతి వాక్యం చూడాలి: మార్పులు అడిగారా, పని ముందుకు కదిలించారా?

అన్నిటికంటే కష్టం 'ఐ క్వైట్ లైక్ ఇట్'. ఓ మోస్తరుగా నచ్చిందని కావచ్చు. పొగడ్తని తగ్గించి చెప్పే అలవాటున్న మనిషైతే నిజంగానే నచ్చిందనీ కావచ్చు. అప్పుడు 'నచ్చిందా?' అని అడిగితే మర్యాదకి అవుననే అంటారు. 'ఇందులో ఏం మారిస్తే బాగుంటుంది?' అని అడిగితే అసలు సంగతి బయటికొస్తుంది.

కొన్ని వాడుకలకి ఈ లెక్కలేవీ పనికిరావు, అలాగే గుర్తుపెట్టుకోవాలి. 'క్వైట్ ఎ ఫ్యూ' అంటే రెండు దేశాల్లోనూ చాలానే ఉన్నాయని. 'నాట్ క్వైట్' అంటే ఇంకా కాస్త తేడా ఉందని. చాలాసార్లు అది 'తప్పు' అని మెత్తగా చెప్పడమే. ఒట్టి 'క్వైట్' అని ఊరుకుంటే 'అవును, నిజమే' అని ఒప్పుకోవడం. ఇది కాస్త పాతకాలపు పెద్దమనిషి తరహా.

ఇక మనం రాసేటప్పుడు: ఒకే మెయిల్ డాలస్‌కీ లండన్‌కీ వెళ్తుంటే ఈ మాట వాడకపోవడమే మేలు. సిఫార్సు ఉత్తరాల్లో అయితే అసలు వద్దు. విద్యార్థి గురించి 'క్వైట్ గుడ్' అని మనం మనసారా రాసినా, బ్రిటన్ విశ్వవిద్యాలయంలో చదివేవాళ్లకి అది మామూలు విద్యార్థి అన్నట్టే వినబడొచ్చు. 'వెరీ గుడ్' అని రాసి, ఎందులో దిట్టో పక్క వాక్యంలో చెప్పండి.