ఖాళీ గడి

పుట్టింది నల్గొండ జిల్లా మర్రిగూడ దగ్గర, పీహెచ్‌డీ చేస్తున్నది బోస్టన్ రోగుల రికార్డుల మీద. ఊళ్లో చెబితే నవ్వుతారు. కారణం మామూలుదే: ఆ డేటా దొరుకుతుంది. దాని పేరు మిమిక్. అక్కడి బెత్ ఇజ్రాయెల్ డీకనెస్ ఆస్పత్రి ఐసీయూ రికార్డులు. ఒక ఆన్‌లైన్ కోర్సు చేసి, ఒప్పందం మీద సంతకం పెడితే పరిశోధనకు ఇస్తారు. పేర్లుండవు, తేదీలు కూడా ముందుకు జరిపేస్తారు. అందుకే నా రోగులంతా 2100 దాటాకే ఆస్పత్రిలో చేరతారు!

నన్ను తిప్పలు పెట్టేది అందులో పరీక్ష ఫలితం లేని ఖాళీ గడులే. లాక్టేట్ అనే రక్తపరీక్షే తీసుకోండి. పరిస్థితి ముదురుతోందని డాక్టర్‌కు అనుమానమొస్తేనే రాస్తారు. గడి ఖాళీగా ఉందంటే ఆయనకు భయం లేదన్నమాట. రోగికి ప్రమాదం ఎంతో అంచనా వేసే నా కంప్యూటర్ మోడల్ దీన్ని ఇట్టే పసిగడుతుంది. 2018లో బీఎంజే అనే వైద్య పత్రికలో ఒక పరిశోధన వచ్చింది, అదీ బోస్టన్‌లోని రెండు ఆస్పత్రుల రికార్డులతోనే. 174 పరీక్షల్లో 118 పరీక్షలకు, రోగి బతుకుతాడా లేదా అన్నది ఫలితం కన్నా పరీక్ష ఎప్పుడు రాశారన్నదే మెరుగ్గా చెప్పిందట. తెల్లవారుజామున రక్తం తీశారంటే, రిపోర్ట్ రాకముందే సగం సంగతి తెలిసినట్టే.

ఇక మా పెద్దమ్మ. మోకాళ్లు వంగవు, మెడ తిప్పాలంటే ఒళ్లంతా తిప్పాలి. మా వైపు ఆ వయసువాళ్లకు బోరునీళ్ల ఫ్లోరైడ్ ఏం చేసిందో వేరే చెప్పక్కర్లేదు. ఆమె మెడికల్ రికార్డంతా సజ్జ మీద ఒక పాలిథిన్ కవర్లో ఉంది: ఆర్‌ఎంపీ చీటీలు, వాడేసిన నొప్పి గోలీల షీట్లు, పేరు తప్పు పడ్డ ఒక ఎక్స్‌రే. ఏళ్ల తరబడి ఆ గోలీలు మింగిన మనిషికి చూడాల్సిన క్రియాటినిన్, అదే కిడ్నీల పరీక్ష, మాత్రం లేదు.

"షుగర్ చూపించుకున్నవా పెద్దమ్మా?"

"నాకు షుగర్ లేదు బిడ్డా, ఎన్నడు చూపించుకోలే."

ఈ వివరాలు నా మోడల్‌కిస్తే, ఖాళీలన్నీ చూసి ప్రమాదం తక్కువే అంటుంది. అక్కడ ఖాళీ అంటే డాక్టర్ అవసరం లేదనుకున్నాడని. మా దగ్గరేమో పత్తి తీసే రోజులనో, నల్గొండ బస్సు పోయిందనో.

'పరీక్ష చేశారా లేదా' అని ఒక కాలమ్ కలిపితే, మోడల్ అంచనా ఎంత సరైందో చెప్పే స్కోర్ పెరుగుతుంది. మా గైడ్‌కు ఆ కాలమంటే ప్రాణం. మోడల్ అదే ఆస్పత్రిలో ఉన్నంతకాలం నాకూ అభ్యంతరం లేదు. గడప దాటిందా, ఆ కాలమ్ తీసేయాల్సిందే. పేపర్లో ఆ కాలమ్‌తో ఒకటి, అది లేకుండా ఒకటి, రెండు స్కోర్లూ పక్కపక్కనే ఇస్తానంటున్నా. ఆయన ఇంకా ఒప్పుకోలేదు.