సబ్‌మెరైన్ చూద్దామని పోతే

వైజాగ్ పోయింది అసలు మా ఆడబిడ్డ కూతురి పెళ్ళికి. పెళ్ళి గాజువాకలో, భోజనాలు బాగున్నాయి, ఎండ మాత్రం మాడ్చేసింది, అంతకు మించి దాని గురించి రాయడానికేం లేదు. కావలిలో రాత్రిపూట తిరుమల ఎక్స్‌ప్రెస్ ఎక్కడం, మన బెర్తుల్లో ఇంకెవరో ముసుగు తన్ని పడుకోనుండటం, లేపితే వాళ్ళే మన మీద కసురుకోవడం, ఇవన్నీ ఆ లైన్లో తిరిగేవాళ్ళకి కొత్తేం కాదు. నేను రాయాలనుకుంది పెళ్ళి మర్నాడు ఆర్కే బీచ్ సంగతి.

మా పాపకి పదో తరగతి పరీక్షలు అయిపోయినాయి. కురుసుర సబ్‌మెరైన్ చూపిస్తానంటే "యుద్ధం మ్యూజియం అంటే మళ్ళా సోషల్ పాఠమే కదమ్మా" అని మూతి ముడిచింది. వాళ్ళ అత్తేమో షాపింగ్ మాల్‌కి పోదామంటా ఉంది. సోమవారం పెట్టుకుంటే సబ్‌మెరైన్‌కి సెలవు, మంగళవారం మాకు రైలు, కాబట్టి ఆదివారం సాయంత్రమే పోవాలి అని నేనే పట్టుబట్టి లాక్కుపోయినా. ఆటో అతను గాజువాక నుంచి నాలుగొందలు అన్నాడు. బేరమాడితే మూడొందల యాభైకి దిగి, దారి పొడుగునా ఆ యాభై గురించే సణిగాడు. ఆ డబ్బుతో మేం కావలి నుంచి తుమ్మలపెంట పోయి, చేపలు కొనుక్కుని, ఇంటికొచ్చి పులుసు పెట్టేసుకోవచ్చు.

ఫోటోల్లో ఎన్నిసార్లు చూసినా దగ్గరికి పోతే దాని సైజు చూసి నోరు తెరవాల్సిందే. రోడ్డు పక్కన ఇసుకలో 91 మీటర్ల పొడవు నల్లటి ఇనుము. రష్యా వాళ్ళు కట్టింది, 1969 డిసెంబర్లో మన నేవీలో చేరి 2001లో రిటైర్ అయింది, ఆ తర్వాతేడు ఒడ్డుకి లాగి మ్యూజియం చేశారు. ఇంత పొడవుంది కదా, లోపల విశాలంగా ఉంటుందేమో అనుకుని ఎక్కితే ఇద్దరు మనుషులు ఎదురెదురుగా పోలేరు. ఎటు చూసినా పైపులు, చక్రాలు, మీటర్లు. ఒక గదిలోంచి ఇంకో గదిలోకి గుండ్రటి కంత, దాంట్లో ముందు కాలు పెట్టి, తల వంచి, తర్వాత నడుం లాక్కోవాలి. నా ముందు పట్టుచీర కట్టుకున్న ఒకావిడ కుచ్చిళ్ళు చేత్తో పట్టుకుని సగంలో ఆగిపోయింది, వెనకనుంచి తోపులాట, ఎవరో సెల్ఫీ తీసుకుంటా "ఒక్క నిమిషం ఒక్క నిమిషం" అంటా ఉన్నాడు. ఆ కంత అంచున రంగు పోయి ఇనుము మెరుస్తా ఉంది, ఎన్ని వేల చేతులు పట్టుకునుంటాయో. ఇన్నేళ్ళయినా ఆ లోపలంతా నూనె వాసన పోలేదనిపించింది నాకు, పాప మాత్రం అది జనం చెమట వాసన అంది.

గైడ్ నేవీలో చేసి రిటైర్ అయినాయన. డెబ్బై అయిదు మంది దాకా ఇందులోనే తిని, ఇందులోనే పడుకునేవాళ్ళంట, ఒకడు డ్యూటీకి లేస్తే ఆ వెచ్చటి పక్కమీదే ఇంకొకడు వాలిపోవాలంట. మంచినీళ్ళు తాగడానికే లెక్క, స్నానం మాట ఎత్తకూడదు. అప్పటిదాకా గోళ్ళు చూసుకుంటా నడుస్తున్న పాప అక్కడ ఆగింది. "అంకుల్, 71 యుద్ధంలో పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీతో కొట్లాడింది ఇదేనా?" అని అడిగింది.

"లేదమ్మా, అప్పుడిది అటుపక్క అరేబియా సముద్రంలో కాపలా తిరుగుతోంది. ఘాజీ మునిగింది ఇక్కడ."

పాపకి పెద్ద నిరాశ. "మరి దీన్ని చూడ్డానికెందుకొచ్చాం?" అని నన్నడిగింది, నేనేదో దాన్ని మోసం చేసినట్టు. నాకూ అప్పటిదాకా ఆ సంగతి తెలీదు, ఏం చెప్తాను. ఈలోపు వెనక జనం మమ్మల్ని టార్పెడోల గదిలోకి తోసేశారు, ఇంకాసేపటికి బయటున్నాం.

అలిగిన పిల్లని వెంటేసుకుని విక్టరీ ఎట్ సీ స్తూపం దాకా నడిచినాం. 71 విజయానికి గుర్తుగా 1996లో కట్టింది. అక్కడ గట్టుమీద ఒక పెద్దాయన కూర్చోనున్నాడు, లుంగీ, మెడలో తువ్వాలు. పాప ఇందాకటి ప్రశ్నే ఇంకా సణుగుతా ఉంటే ఆయనే కలగజేసుకున్నాడు, "ఏటమ్మా, ఘాజీ గురించా?" అని. జాలర్లుండే పెదజాలారిపేట మనిషి. అప్పుడాయనకి పదేళ్ళో పన్నెండేళ్ళో. ఊరంతా దీపాలార్పేసిన రాత్రి, అర్ధరాత్రి దాటాక పెద్ద చప్పుడైందంట, ఒడ్డునున్న ఇళ్ళ కిటికీ అద్దాలు గడగడలాడాయంట. అది డిసెంబర్ 3 రాత్రి.

ఆ తర్వాత ఆయన చెప్పిందంతా పాప నోరు తెరుచుకుని వినింది. ఘాజీ అమెరికా వాళ్ళ పాత సబ్‌మెరైన్, పాకిస్తాన్‌కి ఇచ్చారు. కరాచీ నుంచి అంత దూరం చుట్టు తిరిగి వచ్చింది, విమానాల్ని మోసే మన పెద్ద యుద్ధనౌక విక్రాంత్‌ని ముంచడానికి. విక్రాంతేమో అండమాన్‌లో దాక్కోనుంది. అది వైజాగ్ దగ్గరే ఉందని శత్రువుని నమ్మించాలి కదా, అందుకని తూర్పు నౌకాదళం పెద్ద వైస్ అడ్మిరల్ కృష్ణన్ పాత ఓడ రాజ్‌పుత్‌ని పంపించి విక్రాంత్ పేరుతో వైర్‌లెస్ మెసేజ్‌లు కొట్టించాడు. విక్రాంత్‌లో పనిచేసే నావికుడొకడు వాళ్ళమ్మకి ఎలా ఉందో కనుక్కుంటున్నట్టు, అందరికీ కనపడేలా మామూలు టెలిగ్రాం ఇప్పించాడు. అది చాలక పెద్ద ఓడ వస్తోందన్నట్టు మాంసం, కూరగాయలు బాగా ఆర్డర్ పెట్టించాడు, బజార్లో మాట పాకాలని.

"అంటే కూరగాయలతో గెలిచారా?" అనింది పాప.

పెద్దాయన పళ్ళు లేని నోటితో పగలబడి నవ్వాడు. నాకైతే ఆ ప్లాన్ వేసినాయనకి మార్కెట్ గురించి బాగా తెలుసనిపించింది. కావలి కూరగాయల మార్కెట్లో ఎవరన్నా పది బస్తాల ఉల్లిపాయలు అడిగితే సాయంత్రానికి ఎవరింట్లో పెళ్ళో ఊరంతా తెలిసిపోతుంది. ఇంక ఆ టెలిగ్రాం. పాపకి టెలిగ్రాం అంటే ఏందో చెప్పాల్సొచ్చింది, 2013లోనే ఆపేశారు కదా. మా చిన్నప్పుడు టెలిగ్రాం వచ్చిందంటే చదవకముందే ఏడుపులు మొదలయ్యేవి. మా తాత పోయినప్పుడు పోస్టుమాన్ గేటు దగ్గర సైకిలాపంగానే మా నాయనమ్మ కూలబడిపోయింది. యుద్ధంలో అబద్ధం చెప్పాలన్నా అమ్మకి బాగాలేదన్న మాటే పనికొచ్చింది చూడండి.

ఘాజీని రాజ్‌పుత్ వేసిన డెప్త్ చార్జీలే, అంటే నీళ్ళ అడుగున పేలే బాంబులే ముంచాయని మనవాళ్ళు, లోపలే ఏదో పేలిందని పాకిస్తాన్ వాళ్ళు, ఆ తగువు ఇప్పటికీ ఉంది. తొంభై మందికి పైగా పోయారు, ఒక్కరు కూడా బతకలేదు. తేలిన సామాన్లు, లైఫ్ జాకెట్ దొరికింది జాలర్లకి. "మావోళ్ళే తెచ్చిచ్చారు" అన్నాడు పెద్దాయన, అంతకు మించి గొప్పలేం పోలేదు. నాకు మాత్రం అక్కడే చిరాకేసింది. అడ్మిరల్‌కి పేరుంది, ఓడలకి పేర్లున్నాయి, ఎక్కడ చదివినా జాలర్లు మాత్రం ఉత్త జాలర్లే.

మాది కావలి అనంగానే ఆయన యుద్ధం వదిలేసి "జువ్వలదిన్నెలో హార్బర్ కట్టారంట కదా, బోట్లు బాగా నిలుస్తున్నాయా?" అని అడిగాడు. అరవై రూపాయలు పోసి మురీ మిక్స్చర్ కొనిస్తే వద్దన్నాడు, పళ్ళు లేవని. అరవైకి గుప్పెడు మరమరాలు, అది వేరే సంగతి.

ఇంక పోదాం, అత్త ఎదురుచూస్తా ఉంటాదంటే పాప కదల్లేదు. రోడ్డుకి అటుపక్క పెద్ద విమానం పెట్టారు కదా, టీయూ 142, అది కూడా చూడాలంట. మళ్ళా టికెట్లు, మళ్ళా లైను. గొణుక్కుంటానే తీసుకున్నా. లోపల పెద్దగా ఏం అర్థం కాలేదు నాకు, పాప బోర్డులన్నీ చదువుకుంటా వెనకబడింది, తర్వాత పరిగెత్తుకుంటా వచ్చింది.

"అమ్మా, ఈ విమానం పనేందో తెలుసా? సబ్‌మెరైన్‌లని వెతికి పట్టుకోడం. దీన్నీ దాన్నీ తెచ్చి ఎదురెదురుగా పెట్టారు చూడు!"

అప్పుడే మా ఆడబిడ్డ ఫోను, మాల్ మూసేస్తారు, మీరింకా ఆ ఇనుప సామాను దగ్గరే ఉండారా అని.