గండికోటకు రెండు రీళ్లు

మార్చి మొదటి ఆదివారం తెల్లవారుజామున నాలుగింటికే కడప నుంచి బండి తీశాను. బ్యాగులో పాత పెంటాక్స్ కె1000, ఒక ఎర్ర ఫిల్టరు, రెండు బ్లాక్ అండ్ వైట్ రీళ్లు. ఒకటి ఇల్‌ఫోర్డ్ హెచ్‌పీ5 ప్లస్, 400 స్పీడు, ఈ అంకె ఎంత పెద్దదైతే అంత తక్కువ వెలుతురు చాలు. రెండోది ఫోమాపాన్ 100. ఈ రెండే తీసుకుపోవాలని తేల్చుకోడానికి నాకు వారం పట్టింది, నవ్వకండి.

ఎందుకంటే ఇప్పుడు కూడా దొరికేవి తక్కువేం కాదు. 1954 నుంచీ 35 ఎమ్‌ఎమ్‌లో వస్తున్న కొడాక్ ట్రై-ఎక్స్ అంటే నాకు ప్రాణం, కానీ ఈమధ్య దాని ధర చూసినప్పుడల్లా ఇంకోసారి చూద్దాంలే అనిపిస్తుంది. టీ-మ్యాక్స్ 100, డెల్టా 100 లాంటివాటిలో గ్రెయిన్, అంటే బొమ్మలో కనబడే రేణువులు, చాలా సన్నం, బొమ్మ అద్దంలా వస్తుంది, అయితే కడగడంలో టైము, వేడి కాస్త అటూఇటూ అయితే ఊరుకోవు, మా బాత్రూములో అంత క్రమశిక్షణ లేదు. ఎక్స్‌పీ2 అని ఇంకొకటుంది, నలుపు తెలుపు ఫిలిమే కానీ కలర్ రీళ్లు కడిగే మందుల్లోనే కడగాలి. ఒకప్పుడైతే ఏ స్టూడియోలో ఇచ్చినా పనైపోయేది, ఇప్పుడు నాకు తెలిసిన స్టూడియోవాళ్లు రీళ్లు కడగడం ఎప్పుడో మానేశారు. అలా తీసేయగా తీసేయగా మిగిలినవి ఈ రెండు. హెచ్‌పీ5 ఇంగ్లండ్ సరుకు, కొంచెం తప్పు చేసినా కడుపులో పెట్టుకుంటుంది. ఫోమా చెక్ దేశంది, చవక, వెలుగు తగిలినచోట ఒకలాంటి పాతకాలపు మెరుపు వస్తుంది.

జమ్మలమడుగులో టీ తాగి, ఉగ్గాని బజ్జీ పొట్లం కట్టించుకుని, పొద్దు పొడిచే వేళకి లోయ అంచున ఉన్నాను. కింద పెన్న, రెండువైపులా పలకలు పేర్చినట్టు ఎర్ర బండలు. ఎన్నిసార్లు చూసినా ముందు కాసేపు కెమెరా తీయబుద్ధి కాదు.

ఎండకి 100, చీకటికి 400 అని అందరూ చెప్పే లెక్క. నేను పొద్దున్నే 400 ఎక్కించాను. కారణం ఎర్ర ఫిల్టరు. అది పెడితే నీలాకాశం నల్లబడుతుంది, ఎర్ర బండ తెల్లగా తేలుతుంది, లోయ అంచు గీత గీసినట్టు కనబడుతుంది. కానీ ఆ ఫిల్టరు మూడు స్టాపుల వెలుతురు మింగేస్తుంది, ఒక్కో స్టాపుకీ వెలుతురు సగమవుతుంది, అంటే 400 ఫిలిం కాస్తా 50 అయి కూర్చుంటుంది. నిండు ఎండలో ఫిల్టరు లేకుండా లెన్సు కన్ను ఎఫ్8కి పెడితే హెచ్‌పీ5కి సెకనులో 2000వ వంతు కావాలి, నా కెమెరా 1000తోనే ఆగిపోతుంది. ఫిల్టరు పెడితే 250తో సరిపోతుంది, చెయ్యీ వణకదు. ఫోమాకి అదే ఫిల్టరు పెడితే 60కి దిగాలి, లోయ అంచున ఆ గాలికి 60 అంటే నాకు టెన్షనే.

ఇంతవరకూ తెలివిగానే ఉన్నాను. తెలివి తక్కువతనం ఏమిటంటే లోయ దగ్గరే 36 బొమ్మలూ కొట్టేశాను. ఒకే బండని ఆరుసార్లు! తొమ్మిదింటికి చూసుకుంటే హెచ్‌పీ5 అయిపోయింది.

సరే అని ఫోమా ఎక్కించి మాధవరాయ ఆలయ గోపురం, జామా మసీదు ఆవరణ తీశాను. ఆ పని దానికి బాగానే నప్పింది. ఆ తర్వాత ధాన్యాగారం. లోపల చల్లగా, చీకటిగా, గుమ్మంలోంచి పడే వెలుతురు తప్ప ఏమీ లేదు. ఎండ కోసమని దాచిన 100 ఫిలిం చేతిలో, ముందు చీకటి. బ్యాగునే ట్రైపాడ్‌లా నేలమీద పెట్టి, దానిమీద కెమెరా ఆనించి, కేబుల్ రిలీజ్ తగిలించాను, ఆ తీగ చివర బటన్ నొక్కి ఉంచినంతసేపూ షట్టర్ తెరిచే ఉంటుంది. మీటరు ప్రకారం ఎనిమిది సెకన్లు. ఎనిమిది సెకన్లే ఇచ్చాను, ఇంకోటి పదిహేను ఇచ్చాను.

మూడోది కొట్టడానికి బటన్ నొక్కానో లేదో వెనక నుంచి, "ఏం సారూ, రీలు కెమెరానా? ఇంకా రీళ్లు దొరకతాండాయా?" అని ఒక పెద్దాయన. చేతికర్ర గోడకి ఆనించి గుమ్మం పక్కన కూర్చున్నాడు. ఒకప్పుడు ప్రొద్దుటూరులో పెళ్లిళ్లు తీసేవాడట. "మేము ఇందు రీళ్లు కొట్టేవాళ్లం, ఊటీవి. అవి వస్తాండాయా?" అన్నాడు. అవి తయారుచేసే హిందుస్తాన్ ఫోటో ఫిలింస్ మూతపడిందని, ఇప్పుడు నా దగ్గరున్నవన్నీ విదేశాల నుంచి వచ్చేవేనని చెప్పాను. ఆయన తల ఊపి, డార్క్‌రూములో ఎర్రబల్బు వెలుతురులో పెళ్లికూతుళ్ల మొహాలు తేలడం గురించి చెప్తూ లేచాడు, చేతులు ఊపాడు, మళ్లీ కూర్చున్నాడు. కేబుల్ రిలీజ్ నా బొటనవేలి కిందే ఉందన్న సంగతి నాకు అప్పుడు గుర్తొచ్చింది. చటుక్కున వదిలేశాను. నిమిషం దాటి ఉంటుంది. ఆ బొమ్మ పోయిందనుకున్నాను.

ఇంటికొచ్చి సాయంత్రం కడగబోతే ట్యాంకు నీళ్లు 31 డిగ్రీలు. ఫిలిం కడిగే మందు డీ-76కి 20 కావాలి. ఫ్రిజ్‌లోని ఐసు ముక్కలన్నీ బకెట్లో వేసి, మందు సీసా అందులో ముంచి, థర్మామీటరు దిగేదాకా స్టూలు మీద కూర్చున్నాను. మా ఆవిడ వచ్చి, "రేపు మజ్జిగలోకి ఐసు ఏదీ?" అని వెళ్లిపోయింది.

లోయ రీలు అనుకున్నట్టే వచ్చింది. ఫోమా ఆరేశాక దీపానికి అడ్డంపెట్టి చూస్తే ఎనిమిది సెకన్లది దాదాపు ఖాళీ, పదిహేను సెకన్లదీ అంతే. అప్పుడు గుర్తుకొచ్చి కంపెనీ పట్టిక తీశాను. చీకట్లో ఎక్కువసేపు తెరిచి ఉంచితే ఫిలిం మందగిస్తుంది, మీటరు పది సెకన్లు అంటే ఈ ఫిలింకి దానికి ఎనిమిది రెట్లు ఇవ్వాలట. హెచ్‌పీ5 అయితే ఇరవై సెకన్ల దగ్గర తేలిపోయేది.

మూడోది మాత్రం నిండుగా వచ్చింది. కమాను, గోడ రాళ్లు, గుమ్మం దగ్గరి దుమ్ము, గోడకి ఆనించిన చేతికర్ర, దాని కణుపులు కూడా లెక్కపెట్టొచ్చు. దాని పక్కన పెద్దాయన ఉండాల్సిన చోట పొగలాంటిదేదో ఉంది.