మందులకు లొంగనిది నా ఒళ్లు కాదు

రక్తంలో ఇన్ఫెక్షన్ అని తేలిన నాటి నుంచి చుట్టాలది ఒకటే పాట. "చీటికీమాటికీ మాత్రలు మింగితే అంతేనమ్మా, ఒంటికి మందులు అలవాటైపోతాయి" అని. పేరంబూరు పెద్దమ్మ అయితే ఫోన్ చేసినప్పుడల్లా ఇదే. ఓపిక లేక ఊఁ కొట్టాను గానీ, మందుకు మొండికేసింది నా ఒళ్లు కాదు, రక్తంలో చేరిన ఈ-కోలై అనే బ్యాక్టీరియా.

మూత్రంలో మంటతో మొదలైంది. మర్నాటి సాయంత్రానికి వణుకు. దుప్పట్లన్నీ కప్పి మా ఆయన అదిమి పట్టుకున్నా పళ్లు టకటకా కొట్టుకుంటూనే ఉన్నాయి. ఆసుపత్రికి చేరేసరికి బీపీ పడిపోయింది. నర్సు "కొంజం పొరుత్తుకోంగ అక్కా" (కాస్త ఓర్చుకోండక్కా) అంటూ రెండు చేతుల నుంచీ రక్తం తీసి, క్రిమిని పెంచి చూసే కల్చర్ సీసాల్లో నింపాకే ఇంజెక్షన్ ఎక్కించింది. మందు ముందు పడితే సీసాలో క్రిమి పెరగకపోవచ్చట. అంత హడావిడిలోనూ ఆ వరస తప్పనందుకు ఆమెకు దండం పెట్టాలి.

సెఫ్ట్రియాక్సోన్ అనే యాంటీబయాటిక్ పడుతున్నా జ్వరం దిగలేదు. కల్చర్ రిపోర్టు వచ్చాక తెలిసింది ఎందుకో. సెఫ్ట్రియాక్సోన్ ఎదురుగా ఆర్, సిప్రోఫ్లాక్సాసిన్ ఎదురుగా ఆర్. ఆర్ అంటే ఆ మందుకు లొంగదని. మెరోపెనెమ్ దగ్గర మాత్రం ఎస్ కనిపించింది, అంటే పనిచేస్తుందని. మందు మార్చాక జ్వరం మెల్లగా దారికొచ్చింది.

"నేనేం వాడానని ఇలా?" అని డాక్టరు గారిని అడిగేశాను. ఈ రకం ఈ-కోలై మందును విరగ్గొట్టే ఎంజైమ్ తయారుచేసుకుంటుందట. ఆ జన్యువును పక్క బ్యాక్టీరియాకి కూడా అందిస్తుందట. మన దేశంలో ఏ జబ్బూ లేని ఎందరి పేగుల్లోనో ఇది ఉంటుందన్నారు. పెద్దమ్మ పేగుల్లోనూ ఉండొచ్చు మరి!

పక్క బెడ్ పెద్దాయనది క్లెబ్సియెల్లా అనే ఇంకో బ్యాక్టీరియా. ఆయనకు మెరోపెనెమ్ కూడా ఆర్. కొలిస్టిన్ అనే యాంటీబయాటిక్ ఎక్కిస్తూ, కిడ్నీలు దెబ్బతింటాయేమోనని రోజూ రక్తంలో క్రియాటినిన్ పరీక్ష చేసి చూసేవారు. 1950ల నాటి మందు అది. క్రిములు దీనికీ మొండికేయకూడదని, కోళ్ల మేతలో కలపకుండా కేంద్రం 2019లో నిషేధించింది కూడా. ఇంటికొచ్చాక ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) నివేదికల గురించి చదివితే గుండె ఝల్లుమంది. మెరోపెనెమ్ కుటుంబానిదే అయిన ఇమిపెనెమ్‌కు 2017లో నూటికి 81 ఈ-కోలై నమూనాలు లొంగితే, 2023కి అవి 63 దగ్గరికి దిగాయి. క్లెబ్సియెల్లా అయితే 59 నుంచి 36కి. నా రిపోర్టులో ఆ ఎస్ పడటం ఎంత అదృష్టమో అప్పుడర్థమైంది.

డిశ్చార్జి అయ్యాక కొన్నాళ్లు మెరోపెనెమ్ కుటుంబానిదే అయిన ఎర్టాపెనెమ్ ఇంజెక్షన్ రోజుకొకటి వేయించుకోవడానికి డే-కేర్‌కి వెళ్లొచ్చాను. మేడ మెట్లెక్కితే ఆయాసం. రెండు మూడు నెలలకు దువ్వెన నిండా జుట్టు. పెద్ద జ్వరాల తర్వాత అది మామూలేనట, నాకు మాత్రం జ్వరం కంటే అదే ఎక్కువ టెన్షన్ పెట్టింది. ఇకమీదట ఎక్కడ చూపించుకున్నా ముందు ఈ కల్చర్ రిపోర్టు చూపించమన్నారు. నా ఫోన్‌లోనూ మా ఆయన ఫోన్‌లోనూ ఫోటో తీసి పెట్టుకున్నాం. పెద్దమ్మకీ వాట్సాప్ చేశాను.