మెక్‌డోవెల్ బొగ్గు, మెక్‌డోవెల్ మనుషులు

నేను పనిచేసేది వెస్ట్ వర్జీనియా దక్షిణ కొసన ఉన్న మెక్‌డోవెల్ కౌంటీలో. డాక్టర్ల కొరత ఉన్న చోట మూడేళ్ళు పనిచేయాలనే షరతుతో, జె-1 వీసా డాక్టర్లకు ఇచ్చే మినహాయింపు (వేవర్) మీద వచ్చాను. ఆ గడువు ఎప్పుడో తీరినా ఇక్కడే ఉండిపోయాను. మా నాన్న కొత్తగూడెంలో సింగరేణి బాయి దిగిన మనిషి. ఇక్కడి దగ్గు నాకు చిన్నప్పటి నుంచి తెలుసు.

"అమెరికాలో కూడా పేదోళ్ళుంటారా?" అని మా పిన్ని ఫోన్లో అడుగుతుంది. ఉంటారు పిన్నీ, కానీ ఈ నేల పేదది కాదు. ఇక్కడి గ్యారీ గనుల బొగ్గుతో యు.ఎస్. స్టీల్ కంపెనీ ఉక్కు చేసింది. 1950లో ఈ కౌంటీలో దాదాపు లక్షమంది ఉండేవాళ్ళు. 2020 లెక్కల్లో 19,111 మంది మిగిలారు. బొగ్గు తవ్వే మెషిన్లు వచ్చి ఒక్కో గనిలో మనుషుల అవసరాన్ని తగ్గించేశాయి. 1961లో పేదలు తిండి సరుకులు కొనుక్కోవడానికి ప్రభుత్వం ఇచ్చే ఫుడ్ స్టాంపుల పథకం మళ్ళీ మొదలైనప్పుడు వాటిని అందరికంటే ముందు అందుకున్నది ఈ కౌంటీ కుటుంబమే. లాభం మాత్రం బయటి ఊళ్ళకు పోయింది. పాత కంపెనీ కాలనీల్లో నీళ్ళ పైపులు పాడైపోయి, రోడ్డు పక్క ఊటల దగ్గర క్యాన్లు నింపుకునేవాళ్ళను ఇప్పటికీ చూస్తాను.

వీళ్ళు సోమరులని టీవీలో ఎవరైనా అంటే నాకు ఒళ్ళు మండుతుంది. కంపెనీ ఇల్లు, కంపెనీ కొట్టు, ఆ కొట్లోనే చెల్లే కంపెనీ నాణేలు. యూనియన్ అంటే చాలు, సామాను వీధిలో పడేది. గని కార్మికుల పక్షాన నిలబడ్డ, పక్క కౌంటీలోని మేట్‌వాన్ ఊరి పోలీస్ చీఫ్ సిడ్ హాట్‌ఫీల్డ్‌ను 1921 ఆగస్టు 1న మా కౌంటీ కేంద్రం వెల్చ్‌లో, కోర్టు మెట్ల మీదే కాల్చి చంపారు. ఆ నెలలోనే వేలమంది కార్మికులు యూనియన్ హక్కు కోసం తుపాకులు పట్టి బ్లెయిర్ కొండవైపు నడిచారు. నల్లజాతివాళ్ళు, ఇటలీ నుంచి వచ్చినవాళ్ళు, కొండల్లోని పాత కుటుంబాలవాళ్ళు ఆ నడకలో కలిసే ఉన్నారు.

ఏప్రిల్‌లో చర్చిల్లో, ఫైర్ స్టేషన్లలో ర్యాంప్స్ విందులు పెడతారు. ర్యాంప్స్ అంటే అడవిలో దొరికే, ఘాటైన వెల్లుల్లి వాసన వేసే ఆకుకూర. బంగాళాదుంపలతో వేయిస్తారు, పక్కన ఉడికించిన బీన్స్, మొక్కజొన్న రొట్టె. కొత్తవాళ్ళను కూర్చోబెట్టి, వద్దన్నా వడ్డిస్తారు.

నన్ను నిద్రపోనివ్వనిది మాత్రం ఎక్స్‌రేలు. బ్లాక్ లంగ్, అంటే గని ధూళితో ఊపిరితిత్తులు గట్టిపడే రోగం, ముసలివాళ్ళ జబ్బు అనుకునే రోజులు పోయాయి. మందమైన బొగ్గు పొరలు అయిపోయాయి. సన్న పొరల కోసం బొగ్గుతోపాటు రాయినీ కోస్తున్నారు, ఆ సిలికా ధూళి ఊపిరితిత్తుల్ని ఇంకా త్వరగా గట్టిపరుస్తుంది. నలభై ఏళ్ళవాడు రెండు అంతస్తులు ఎక్కలేక మెట్ల మీద కూర్చుంటాడు. సిలికా పరిమితిని సగానికి తగ్గిస్తూ 2024లో రూల్ తెచ్చారు. 2025లో బొగ్గు గనుల్లో అమలు కావాల్సిన సమయానికి కోర్టులో ఆగింది. ఆ ఆలస్యాన్ని నేను క్షమించలేను.

ఎక్స్‌రేలో మచ్చలు కనిపించిన కార్మికుడికి అదే జీతంతో ధూళి తక్కువున్న పనికి మారే హక్కు చట్టంలో ఉంది. చాలామంది అడగరు. "పేరు బయటికొస్తే ఇంకో గనిలో పని దొరకదు డాక్టర్" అంటారు. కాగితాలు నేనే నింపి ఇస్తాను, సంతకం పెట్టు చాలు అని ఒక్కొక్కరినీ బతిమాలుతున్నాను.